కృష్ణలో దొరికిన దెయ్యం చేప: పేరు తేల్చేదాకా ప్రాజెక్టు డైరీ

చోటు: ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర, బుడమేరు డైవర్షన్ కాలువ కృష్ణలో కలిసే మూల. ప్రకాశం బ్యారేజీ నిలవ నీళ్లు ఇక్కడిదాకా ఎక్కుతాయి కాబట్టి వరద రోజులు తప్పితే ప్రవాహం మందం. గట్టుకు రాతి పరుపు, రాళ్ల మీద మందంగా పాచి.

చేప: పొలుసులు లేవు, ఒళ్లంతా ఎముక పలకలు. నోరు తల కింద గిన్నెలా అంటుకుపోయి ఉంటుంది. వీపు రెక్క విప్పితే తెరచాప. వలల వాళ్లు దెయ్యం చేప అంటారు. ఇదే చేప పిల్లగా ఉన్నప్పుడు అక్వేరియం దుకాణంలో సక్కర్ ఫిష్, ట్యాంక్ క్లీనర్. ఈ పేర్లలో ఏదీ అది ఏ జాతో చెప్పదు. దక్షిణ అమెరికాలో లోరికారిడే కుటుంబంలో ఇలాంటి కవచం చేపలు వందల జాతులున్నాయి. మన నదిలో ఉన్నది వాటిలో ఏదో లెక్కపెట్టి తేల్చడమే ఈ పని.

ఇదే పని వేరే ఊళ్లో, వేరే కాలువ మీద చేసేవాళ్లు మేం చేసిన తప్పులు మళ్లీ చేయకుండా ఉండాలని రాస్తున్నాం. ఒక షరతు: ఆ నీళ్లలో చేపలు పట్టే హక్కున్న మత్స్యకార సొసైటీ సభ్యుడు వెంట లేకుండా వల దించకండి.

దశ 1: మొదటి చేప, పనికి రాకుండా పోయింది

నిలువు వలలో పడిన చేపను ఐసు పెట్టెలో వేశాం. అయిదు గంటల తర్వాత మూత తీస్తే మొప్పలు ఇంకా ఆడుతున్నాయి. ఈ చేప గాలి మింగి పొట్టగోడ ద్వారా ఆక్సిజన్ తీసుకోగలదు, అందుకే నీళ్లు లేకపోయినా గంటల తరబడి బతుకుతుంది. ఐసులో వేసి వదిలేయడం బొచ్చెకైనా మంచి పద్ధతి కాదు, దీనికైతే హింసే. రెండో నష్టం రంగుది. ఐసు కరిగిన నీళ్లలో నానిన పొట్ట మీద మచ్చలు తెల్లవారేసరికి మసకబారాయి.

ఫోటో ఒక్కటే ఉంది, అదీ పైనుంచి, రెక్కలు ముడుచుకుని ఉన్నప్పుడు తీసింది. ఫోన్ యాప్‌కి చూపిస్తే హైపోస్టోమస్ ప్లెకోస్టోమస్ అని వచ్చింది. అక్వేరియం వ్యాపారంలో కవచం చేప ఏదైనా ప్లెకోనే, నెట్‌లో ఫోటోల కింద ఆ పేరే అంటించి ఉంటుంది, యాప్ నేర్చుకున్నది వాటి నుంచే. దాన్ని కాదనడానికి వీపు రెక్క ఈనెలు లెక్కపెట్టాలి, ముడిచిన రెక్కలో అవి లెక్కకు రావు. వాసన మొదలయ్యాక చేపను గుంట తీసి పూడ్చాం.

ఆ రోజు నుంచి, చేప చేతికొచ్చాక మిగతా ఏ పనికన్నా ముందు ఇవి:

1. ఎడమ పక్క మొత్తం, పక్కన స్టీలు స్కేలు కనబడేలా.
2. వీపు రెక్క పూర్తిగా విప్పి, వెనక తెల్ల ప్లాస్టిక్ పలక పెట్టి.
3. పొట్ట, నోటి నుంచి ఆసనం దాకా, నీడలో, ఫ్లాష్ లేకుండా. తడి మెరుపును గుడ్డతో ఒత్తేయాలి.
4. తల పైభాగం.
5. తోక, దాని ముందున్న చిన్న కొవ్వు రెక్క.

ఒక్క ఫోటోకే తీరిక ఉంటే మూడోది తీయండి.

మొత్తం: చేపలు 1. పనికొచ్చినవి 0.

దశ 2: పట్టడం

గాలం. వానపాము, మైదా ముద్ద, రొయ్య తునక వాడి చూశాం. మూడు సాయంత్రాల్లో జెల్లలు, తిలాపియా తప్ప ఏమీ తగల్లేదు. ఇది రాళ్ల మీద పాచి, అడుగు బురద గీరుకుని తినే చేప, ఎర వెంట రాదు. గాలం పక్కన పెట్టేశాం.

నిలువు వల. 30 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల లోతు, లాగి పట్టుకుంటే 60 మి.మీ. వచ్చే కన్ను. సాయంత్రం దించి తెల్లవారి తీశాం. అయిదు రాత్రులకు 3 చేపలు. వల రెండు చోట్ల చినిగింది, అల్లుకోవడానికి ఒక పూట పట్టింది. ఒక చేపకు (3వ నంబరు) వలతో పాటు వీపు రెక్క ముల్లు కూడా కత్తిరించాల్సి వచ్చింది, అది లెక్కకు పనికిరాదు.

వల చినగడానికి కారణం చేప బరువు కాదు, మనం తీసే తీరు. మామూలు చేపను తోక పట్టుకుని వెనక్కి లాగే అలవాటు చేతులకు ఉంటుంది. ఈ చేప పలకల మీద, ఛాతీ ముళ్ల మీద ఉన్న సన్న పళ్లన్నీ వెనక్కి వాలి ఉంటాయి. తల నుంచి తోక వైపు రాస్తే గరుకుగా ఉంటుంది అంతే, తోక నుంచి తల వైపు రాస్తే వేలు గీరుకుపోతుంది. వెనక్కి లాగిన కొద్దీ ప్రతి పన్నూ ఒక దారాన్ని పట్టుకుంటుంది. పైగా బెదిరిన చేప వీపు ముల్లు, ఛాతీ ముళ్లు నిలబెట్టి బిగించేస్తుంది. మూడో చేప పోయాక మార్చుకున్న పద్ధతి:

1. తడి గోనె ముక్క చేప మీద కప్పండి. కళ్లకు చీకటైతే కొంత సద్దుమణుగుతుంది.
2. వలను చేప మీద నుంచి తోక వైపు ఒలచండి, లేదా చేపను తల వైపుగా ముందుకు తోయండి. వెనక్కి మాత్రం వద్దు.
3. ఛాతీ ముల్లుకు పడిన కన్నును ముల్లు మొన మీదుగా తప్పించండి. మొదలు దగ్గర లాగకండి.
4. నాలుగైదు నిమిషాల్లో రాకపోతే ఆ ఒక్క కన్ను కోసేయండి. ఒక కన్ను అల్లడం తేలిక, గజం చినుగు అల్లడం కష్టం.
5. తోలు చేతి తొడుగులు తప్పనిసరి. రబ్బరువి మొదటి చేపకే చిల్లులు పడ్డాయి.

వలలు చినిగి నష్టపోయేది మత్స్యకారులే. అమ్ముడుపోని చేప, చినిగిన వల, పోయిన ఒక పూట. నమూనా కోసం చినిగిన వలకు కూలి, దారం ఖర్చు ప్రాజెక్టే పెట్టుకోవాలి, దాన్ని మొదటే లెక్కలో రాసుకోండి.

గొట్టాలు. పగటిపూట ఈ చేప రాతి సందుల్లో, బొరియల్లో దూరి ఉంటుంది కాబట్టి 110 మి.మీ. పీవీసీ గొట్టాలు 60 సెం.మీ. ముక్కలుగా కోసి, ఒక కొస మూసి, తాడు కట్టి రాళ్ల మొదట్లో పడేశాం. ఆరు గొట్టాలు, మొదటి రెండు రాత్రులు సున్నా. రెండు లోపాలు బయటపడ్డాయి. ఒకటి, బరువు చాలక గొట్టాలు దొర్లి నోరు బురదలో కూరుకుపోయింది. ఒక్కోదానికి అర ఇటుక కట్టాం. రెండు, పైకి లాగేటప్పుడు లోపలి నీళ్లు నోటి వైపు పోటెత్తి చేపను బయటికి తోసేస్తాయి. మూసిన కొసన 8 మి.మీ. బెజ్జాలు పది వేసి, తాడును నోటి వైపు కట్టి, నోరు పైకి ఉండేలా నిలువుగా లాగాం. తర్వాతి రెండు రాత్రుల్లో 2 చేపలు, ఒక్క గీత పడకుండా వచ్చాయి.

విసురు వల. రాత్రి తొమ్మిది దాటాక, రాతి పరుపు అంచున, మోకాటి లోతులో. రాత్రి పూట ఇవి పాచి గీరడానికి పైకి వస్తాయి. లైటు వేసి వెతక్కండి, మీదపడితే సందుల్లోకి జారుకుంటాయి. గురి లేకుండా అంచు వెంబడి విసురుకుంటూ పోవడమే మేలు. 22 విసుర్లకు 4 చేపలు. రాళ్లకు వల పట్టుకుంటుంది, అందుకే ఇనప గుళ్లు తక్కువున్న పాత వల తీసుకెళ్లాం.

మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తే గొట్టాలతోనే మొదలుపెడతాం. సంఖ్య తక్కువ పడినా చేపకు, వలకు దెబ్బ ఉండదు.

మొత్తం: నిలువు వల 3, గొట్టాలు 2, విసురు వల 4, మొదటిది 1. చేపలు 10. పనికొచ్చినవి 8 (1, 3 నంబర్లు తీసేశాం).

దశ 3: చంపడం, కొలవడం

పేరు తేల్చడానికి ఉంచుకున్న చేపను త్వరగా, నొప్పి తక్కువగా చంపాలి. లవంగ నూనె వాడాం. నూనె నేరుగా నీళ్లలో కలవదు, పైన తేలి ఊరుకుంటుంది. మొదటిసారి జరిగింది అదే. 4 మి.లీ. నూనెను ముందు 36 మి.లీ. ఆల్కహాల్‌లో కలిపి, ఆ 40 మి.లీ.ని 10 లీటర్ల నీళ్లలో పోసి బాగా గిలక్కొట్టాలి. మొప్పలు ఆడటం ఆగిన తర్వాత మరో అరగంట అదే నీళ్లలో ఉంచాలి. ఆగిందనుకుని ముందే తీసిన ఒక చేప పలక మీద మళ్లీ కదిలింది. ఆ నీళ్లు నదిలో పోయకూడదు. ఆ చేపను ఎవరూ తినకూడదు.

కొలతకు 150 మి.మీ. వెర్నియర్ కాలిపర్ (దవడల మధ్య పెట్టి సన్నగా కొలిచే పరికరం) సరిపోలేదు. 60 సెం.మీ. ప్లైవుడ్ చెక్కకు ఒక కొసన నిలువు చెక్క కొట్టి, 50 సెం.మీ. స్టీలు స్కేలు బిగించాం. మూతి నిలువు చెక్కకు ఆనించి చదవడమే. వెర్నియర్‌ను కంటికి, తల పొడవుకు మాత్రం వాడాం.

ఇక్కడ దొర్లిన తప్పు: మొదటి రెండు చేపలకు తోక చివరిదాకా కొలిచి అదే ప్రామాణిక పొడవు అని రాసేశాం. ప్రామాణిక పొడవు అంటే మూతి నుంచి తోక ఈనెలు మొదలయ్యే చోటు దాకా. మామూలు చేపల్లో తోకను పక్కకు వంచితే ఆ చోట మడత పడి తెలిసిపోతుంది. దీనికి పలకలు తోక మొదలు మీదికి కూడా పాకి ఉండటంతో మడత స్పష్టంగా రాదు. గుండుసూది మొనతో తడుముతూ, చివరి పలక కింద గట్టి ఎముక ఆగి ఈనెల మధ్య సూది దిగే చోటు పట్టుకోవాలి. ఒకే మనిషి మూడుసార్లు కొలిచి 2 మి.మీ. లోపు తేడా వస్తేనే రాశాం.

4వ చేప: మొత్తం పొడవు 338 మి.మీ., ప్రామాణిక పొడవు 258 మి.మీ., బరువు 312 గ్రాములు. ఒకే చేపకు రెండు పొడవుల మధ్య 80 మి.మీ. తేడా! ఏ పొడవో రాయకుండా "34 సెం.మీ. చేప" అని రాసిన కొలత ఎవరికీ ఉపయోగపడదు.

దశ 4: ఈనెల లెక్క

ప్రజాతి (దగ్గరి పోలికలున్న జాతుల గుంపు) తేలేది ఇక్కడే. తేల్చాల్సింది హైపోస్టోమస్, టెరిగోప్లిక్తిస్ అనే రెండు ప్రజాతుల మధ్య. వీపు రెక్కలో ఒక ముల్లు, దాని వెనక మెత్తని ఈనెలు. హైపోస్టోమస్‌కు ముల్లు తర్వాత 7 ఈనెలు ఉంటాయి. టెరిగోప్లిక్తిస్‌కు తొమ్మిది మొదలు పద్నాలుగు దాకా, ఎక్కువగా పది దాటే ఉంటాయి. రెంటికీ మధ్య ఇంత దూరం ఉంది కాబట్టి లెక్క తేలికే అనుకున్నాం. 2వ చేపను ముగ్గురు విడివిడిగా లెక్కపెడితే 12, 13, 14 వచ్చాయి.

మూడింటికీ కారణాలు దొరికాయి. 14 చెప్పినవాళ్లు పెద్ద ముల్లును కూడా ఈనెగా కలిపారు. చివరి ఈనె మొదటి నుంచే రెండుగా చీలి ఉంటుంది, ఒకే మొదలు కాబట్టి దాన్ని ఒకటిగానే లెక్కించాలి. దాన్ని రెండుగా లెక్కించడంతో 13 వచ్చింది, 14లో ఈ తప్పు కూడా కలిసింది. ఇంకో ఉచ్చు ముందుంది. పెద్ద ముల్లుకు ఆనుకుని వీపు మీద గుర్రపు నాడాలా ఒక చిన్న ఎముక ఉంటుంది. ముల్లును నిలబెట్టి బిగించే తాళం అది. దాన్ని ముల్లు అనుకుని, అసలు ముల్లును మొదటి ఈనెగా తీసుకుంటే లెక్క మొత్తం జరిగిపోతుంది.

సరిచేసుకున్న తీరు:

1. రెక్క విప్పి థర్మోకోల్ మీద గుండుసూదులతో పరచండి. సూది పొర మీద గుచ్చండి, ఈనె మీద కాదు.
2. కింద నుంచి మొబైల్ టార్చి వేయండి. వెలుతురులో ప్రతి ఈనె మొదలూ నల్ల గీతగా కనిపిస్తుంది.
3. పైన కొసల దగ్గర ఈనెలు చీలిపోతాయి. మొదలు దగ్గరే లెక్కించండి.
4. ముల్లును రోమన్ అంకెతో, ఈనెలను మామూలు అంకెలతో, మధ్యలో కామా పెట్టి రాయండి.
5. ఇద్దరు ఒకరి కాగితం ఒకరు చూడకుండా లెక్కించాలి.

మొత్తం 8 చేపలు: ముల్లు ఒకటి, 12 ఈనెలు ఉన్నవి 5. 13 ఉన్నవి 2. 11 ఉన్నది 1. ఏడు ఉన్నది ఒక్కటీ లేదు. ఎనిమిదీ టెరిగోప్లిక్తిస్ ప్రజాతే. యాప్ ఇచ్చిన పేరు కొట్టేశాం.

తల వెనక మూపురంలా ఎత్తు ఉంటే గిబ్బిసెప్స్ అనే జాతిని పరిశీలించాలి. ఇక్కడి ఎనిమిదింటికీ ఆ ఎత్తు లేదు.

దశ 5: పొట్ట మీద మచ్చలు

మన దేశంలో ఈ ప్రజాతి నుంచి ఎక్కువగా నమోదైన జాతులు పర్డాలిస్, డిస్‌జంక్టివస్, మల్టిరేడియేటస్. మొదటిది అమెజాన్‌ది, రెండోది అమెజాన్ ఉపనది మదీరాది, మూడోది ఒరినోకోది. పర్డాలిస్‌కు లేత పొట్ట మీద నల్ల మచ్చలు చాలావరకు విడివిడిగా ఉంటాయి. డిస్‌జంక్టివస్‌కు మచ్చలు ఒకదానిలోకి ఒకటి కలిసిపోయి, వానపాములు పాకినట్టు వంకర గీతలు ఏర్పడతాయి. మల్టిరేడియేటస్‌కు మచ్చలు సమాన దూరంలో, అసలు కలవకుండా ఉంటాయి.

కంటితో చూసి చెబితే ఒకే చేపకు పొద్దున ఒక పేరు, సాయంత్రం ఇంకో పేరు వచ్చింది. కాబట్టి లెక్క పెట్టుకున్నాం. పొట్ట ఫోటోను ఏ4 కాగితం మీద ముద్రించి, ఛాతీ రెక్కల మొదలు నుంచి కటి రెక్కల మొదలు దాకా వరుసగా మొదటి 50 నల్ల మచ్చలకు గుర్తు పెట్టాం. పక్కదానికి తగలనివి ఎన్ని? 40 పైన ఉంటే పర్డాలిస్ వైపు, 10 లోపైతే డిస్‌జంక్టివస్ వైపు, మధ్యలోవి మధ్యస్థం. 40, 10 అనే ఈ హద్దులు ఈ ప్రాజెక్టు కోసం పెట్టుకున్నవే, శాస్త్ర నియమం కాదు. 15 సెం.మీ. లోపు పిల్లలను ఈ లెక్కలోకి తీసుకోకండి, పెరిగేకొద్దీ మచ్చల తీరు మారుతుంది.

8వ చేపలో 46 విడి మచ్చలు. 6వ దానిలో 7. ఇబ్బంది పెట్టింది 7వ చేప: 28. ఛాతీ దగ్గర విడి చుక్కలు, నడుము దగ్గరికి వచ్చేసరికి జంటలు, ఆసనం దగ్గర పూర్తిగా గొలుసులు. ఒకే పొట్ట మీద రెండు జాతుల రాత.

మొత్తం 8: పర్డాలిస్ వైపు 3 (4, 8, 9). డిస్‌జంక్టివస్ వైపు 1 (6). మధ్యస్థం 4 (2, 5, 7, 10). మల్టిరేడియేటస్ లేదు.

సగం చేపలు మధ్యలో పడటం కొలత లోపం కాదు. ఈ రెండు జాతులూ వలస వచ్చిన చాలా దేశాల్లో ఇలాంటి మధ్యస్థ రూపాలు దొరికాయి, సంకరం జరుగుతోందని పరిశోధకులు భావిస్తున్నారు. ఇలాంటప్పుడు బలవంతంగా ఒక జాతి పేరు పెట్టడం కన్నా, ప్రజాతి దగ్గర ఆగి, మచ్చల లెక్క పక్కన రాయడమే నిజాయితీ. తర్వాత ఎవరైనా ఆ లెక్కతో మళ్లీ చూసుకోగలరు.

దశ 6: డీఎన్‌ఏ ముక్క, భద్రపరచడం

వరుస ముఖ్యం. ముందు కండ ముక్క, తర్వాతే ఫార్మలిన్ (చేప కుళ్లకుండా ఉంచే మందు). ఫార్మలిన్ తగిలిన కండలో డీఎన్‌ఏ దెబ్బతింటుంది. 2వ చేపకు ఈ వరుస తప్పాం, దానికి ముక్క లేదు.

1. కుడి పక్క, పలకల మధ్య కోసి వేరుశనగ గింజంత కండ తీయండి. ఎడమ పక్క ముట్టుకోవద్దు, ఫోటోలకూ కొలతలకూ అదే కావాలి.
2. కనీసం పది రెట్లు 95 శాతం ఆల్కహాల్‌లో వేయండి, మర్నాడు ఒకసారి మార్చండి.
3. బ్లేడును ప్రతి చేపకూ మార్చండి.

కండ ముక్క ఉందని జాతి తేలిపోతుందనుకోవద్దు. చేపలకు మామూలుగా చదివే సీఓఐ అనే జన్యు ముక్క మైటోకాండ్రియాది, తల్లి నుంచే వస్తుంది. సంకరమైతే తల్లి వైపే చూపిస్తుంది. పైగా పర్డాలిస్, డిస్‌జంక్టివస్ రెంటిలోనూ ఒకే రకం వరుసలు దొరుకుతుంటాయి. ప్రజాతిని ఖాయం చేసుకోవడానికి అది చాలు, ఈ రెంటినీ విడదీయడానికి చాలదు. నీటిలో కలిసిన డీఎన్‌ఏతో ఈ చేప ఉనికిని కనిపెట్టే పద్ధతిని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు తయారు చేశారు. చేపను పట్టకుండానే చెరువు చెరువునా వెతకడానికి అది పనికొస్తుంది.

ఫార్మలిన్ 10 శాతం: కొన్న ఫార్మలిన్ 1 పాలు, నీళ్లు 9 పాళ్లు. ఇది క్యాన్సర్ కారకం, ఆరుబయట, తొడుగులు వేసుకుని కలపాలి. 2వ చేపను అలాగే ముంచేస్తే మూడో రోజుకు పొట్ట ఉబ్బింది, పలకల గుండా మందు లోపలికి దిగలేదు. మిగతావాటికి కుడి పక్క పొట్ట చీరి, సిరంజితో లోపలికి పోశాం. 2వ చేప ఇరుకు జాడీలో వంగి అలాగే బిగిసిపోయింది కూడా. అడుగు చదునైన ప్లాస్టిక్ టబ్బులో పడుకోబెట్టి, రెక్కలు విప్పి, బిగిశాక జాడీలోకి మార్చాలి. పది రోజులయ్యాక రెండు రోజులు నీళ్లు మారుస్తూ కడిగి, 70 శాతం ఆల్కహాల్‌లోకి. 95 శాతానిది 74 మి.లీ.కి 26 మి.లీ. నీళ్లు కలిపితే 70 వస్తుంది.

చీటీ జాడీ లోపలే ఉండాలి. బాల్ పెన్నుతో రాసిన మొదటి చీటీ వారంలో తెల్ల కాగితమైంది, సిరా అంతా ఆల్కహాల్‌లోకి దిగింది. మందపాటి కాగితం, 2బీ పెన్సిలు. నంబరు, చోటు, తేదీ, ఏ వల, ఈనెల లెక్క, మచ్చల లెక్క, పట్టినవారి పేరు. మూతకు అంటించిన చీటీని నమ్మకండి, మూతలు మారిపోతాయి.

దశ 7: గట్టు బొరియలు

మగ చేప గట్టులో బొరియ తవ్వి గుడ్లకు కాపలా ఉంటుంది. ఇతర దేశాల్లో ఇవి మీటరు నుంచి మీటరున్నర లోతు దాకా నమోదయ్యాయి. నీటి మట్టం దిగినప్పుడు రాతి పరుపు లేని మట్టి గట్టు 50 మీటర్లు నడిచి, గీతలు గీసిన వెదురు బద్దతో కొలిచాం. 14 కన్నాల్లో 9 పీతలవి: గుండ్రటి మూతి, చుట్టూ మట్టి ఉండలు, నీటి గీతకు పైన. మిగతా 5 మామూలు నీటి మట్టానికి కింద, మూతి అడ్డంగా వెడల్పు, లోపలికి కిందికి వాలి ఉన్నాయి. లోతు 62 నుంచి 94 సెం.మీ. చేప లోపల దొరికింది ఒక్క దానిలోనే, కాబట్టి ఖాయంగా రాసిందీ ఒక్కటే. చెయ్యి పెట్టి చూడకండి, పాములుంటాయి.

2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడిన ప్రాంతం ఇది. ఆ గండ్లను ఈ చేప ఖాతాలో వేయకండి. బొరియల సంఖ్య, లోతు మాత్రం ఏటా ఒకే 50 మీటర్లలో కొలిచి కాలువ అధికారులకు ఇవ్వడం అవసరం.

ప్రస్తుతం

దొరికిన చేప ఒక్కటీ తిరిగి నీళ్లలోకి పోలేదు. గట్టు మీద పడేస్తే చచ్చిపోతుందని వలల వాళ్లు విసిరేస్తుంటారు, అది గంటల తరబడి బతికి దొర్లుకుంటూ నీళ్లలో పడొచ్చు. చంపి, గజం లోతు గుంటలో పూడ్చాలి. ఇంట్లో తొట్టిలో పెద్దదైపోయిన సక్కర్‌ను కాలువలో వదలకండి, కొన్న దుకాణానికే ఇవ్వండి. కృష్ణకు ఇది వచ్చిన దారుల్లో అదీ ఒకటి.

జాడీలు 8, కండ ముక్కలు 7. పర్డాలిస్ వైపు ఒకటి, డిస్‌జంక్టివస్ వైపు ఒకటి, మధ్యస్థం రెండు కలిపి నాలుగు జాడీలు హైదరాబాద్‌లోని జువలాజికల్ సర్వే మంచినీటి జీవశాస్త్ర కేంద్రానికి చూపించడానికి వేరు చేశాం. 7వ నంబరు జాడీలో ఆల్కహాల్ పసుపు తిరిగింది, పంపే ముందు మార్చాలి.